దోసె ఎడమకి జారుతోంది

ఈ ఫిబ్రవరిలో మా ఇంట్లో దోసెలు చెడిపోయాయి. పిండి బాగానే పులిసింది. పెనం పాతదే, అలవాటైనదే. కానీ గరిటెతో తిప్పి చెయ్యి తీసేలోపు పిండి ఎడమ పక్కకి జారిపోయి అక్కడ ఊతప్పంలా మందంగా, ఇటు పక్క ఉల్లిపొరలా పల్చగా వస్తోంది. నూనె వేస్తే అదీ ఎడమకే. స్నానం చేస్తే నీళ్ళు తూము వైపు పోకుండా ఎదురు మూలలో మడుగు కడుతున్నాయి. మామూలు ఇల్లయితే మేస్త్రీని తిట్టుకుని ఊరుకునేవాళ్ళం. మాది పడవ. పడవ ఒక పక్కకి ఒరిగిందన్నమాట.

కొత్తగా చదివేవాళ్ళ కోసం: నేనూ మా ఆయనా మూడేళ్ళుగా ఇంగ్లండ్ కాలవల మీద నారోబోట్‌లో ఉంటున్నాం. పొడవు యాభై అడుగులు, వెడల్పు ఆరడుగుల పది అంగుళాలు. ఈ వెడల్పు మేం ఏరికోరి తెచ్చుకున్నది కాదు. 1760లలో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు తన కాలవల మీద లాకుల్ని (నీటి మట్టం పెంచీ తగ్గించీ పడవని ఎక్కించే, దించే తలుపుల గదులు) సుమారు ఏడడుగుల వెడల్పుతో కట్టించాడు. ఆ లాకుల్లో పట్టాలంటే పడవ ఇప్పటికీ ఇంతే ఉండాలి. లాకులంటే ఏమిటో పాలకొల్లులో పుట్టిన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక మా కాలవల మీదా పడవలే కదా తిరిగింది. మా తాతయ్య పెళ్ళికి తరలివెళ్ళింది పడవ మీదే. ఇక్కడ మొదటిసారి లాకు తలుపులు చూసినప్పుడు, అరె, ఇవి మనవే కదా అనిపించింది. నిజానికి మనవే ఇక్కణ్ణించి వచ్చాయనుకోండి.

సరే, ఒరగడం సంగతి. నారోబోట్ అడుగున, నేల చెక్కల కింద, ఇటుకలో రాతి పలకలో పేర్చి ఉంటాయి. నిలకడ కోసం ఆ బరువు కావాలి. దానిమీద మనం పెట్టే ప్రతి సామానుకీ ఒక పక్క ఉంటుంది. ముక్కు దగ్గరున్న ట్యాంకులో ఐదొందల లీటర్ల నీళ్ళుంటే ముందు భాగం దిగుతుంది, అవి వాడేకొద్దీ లేస్తుంది. బొగ్గు బస్తాలు పైకప్పు మీద కుడి నించి ఎడమకి మారిస్తే లోపల వేలాడదీసిన తువ్వాలు కూడా కదులుతుంది. భూమ్మీద ఇంట్లో చెత్త పేరుకుంటే కంటికి కనిపిస్తుంది, లేకపోతే లేదు. ఇక్కడ దోసెలో కనిపిస్తుంది.

మా ఆయన పడకమీద కోడిగుడ్డు పెట్టి చూశాడు, దొర్లింది. "ఇటుకలు జరిగుంటాయి" అన్నాడు. పక్కన పడవ కట్టుకున్న పెద్దాయన తలుపులోంచి తొంగి చూసి, మా ఎడమ గోడ పొడుగూతా ఉన్న బల్లపెట్టెల వైపు గడ్డం చూపించి, "వాటిల్లో ఏముంది?" అన్నాడు. నేను "ఏమీ లేదు, బట్టలు" అన్నాను. మా ఆయన నావైపు చూడలేదు. చూసుంటే గొడవయ్యేది.

ఆ శనివారం మొత్తం ఎడమ పక్క ఖాళీ చేశాం. మన ఇళ్ళలో ప్రతివాళ్ళ దగ్గరా ఉండే ఆయుధం ఒకటుంది, విమానం ఎక్కేముందు సూట్‌కేసు తూచే కొక్కెం త్రాసు. ఇరవైమూడు కిలోలు దాటిందా లేదా అని ఎన్నిసార్లు గుండె దడదడలాడించిందో. దాంతోనే ఒక్కొక్కటీ తూచి కాయితమ్మీద రాశాను. సోనా మసూరి బస్తాలు రెండు, ఒకటి సగం వాడింది: ముప్ఫై కిలోలు. వెట్ గ్రైండరు: పదకొండు. పుస్తకాలు ముప్ఫైనాలుగు. ఆవకాయ, గోంగూర, మాగాయ జాడీలూ సీసాలూ కలిపి పదమూడు (ఇద్దరు మనుషులం!). అమ్మ వచ్చినప్పుడు సామానులో పెట్టి తెచ్చిన చిన్న రాతిరోలు, రోకలితో సహా తొమ్మిది. మా ఆయన "పనికొస్తాయి" పెట్టె ఒక్కటే పంతొమ్మిది. అందులో ఏ ఫోనుకీ సరిపోని ఛార్జర్లు, మేం బాడుగకి వదిలేసిన ఫ్లాటు తాళంచెవి, తుప్పు పట్టిన పాత రంపపు కత్తి. కూడితే నూట పదహారు. ఒక పక్కనే.

గ్రైండరు గురించి చెప్పాలి. అది పనిచేయదని కాదు, చేస్తుంది. కానీ మా కరెంటు బ్యాటరీల్లోంచి రావాలి. చలికాలం సోలార్ పలకలు దాదాపు అలంకారమే, కాబట్టి ఇంజను వేసుకోవాలి. కట్టేసి ఉన్న పడవలో రాత్రి ఎనిమిది నించి పొద్దున ఎనిమిది దాకా ఇంజను వేయకూడదు. అంటే ఆఫీసు మీటింగులో నేను మైకు మూసుకుని కూర్చుంటే వెనకాల డీజిల్ ఇంజనూ, దానిమీద గ్రైండరూ. మూడేళ్ళలో రెండుసార్లు వాడాను. మిక్సీతోనే కానిచ్చేస్తున్నాం. అయినా దాన్ని తియ్యలేకపోయాను, ఎందుకంటే అది ఉంటే నేను ఎప్పుడైనా మంచి ఇడ్లీ చెయ్యగల మనిషిని.

అన్నిటికన్నా అడుగున, పడవ గోడకి ఆనించి, పెద్ద సూట్‌కేసు. పెళ్ళి పట్టుచీరలు, ఆల్బం. పడవ గోడ ఇనుము, అవతల కాలవ చల్లదనం, ఇవతల మా వంటా స్నానాలూ శ్వాసా. గాలి ఆడని చోట ఇనుముకి చెమట పడుతుంది. సూట్‌కేసు వెనక భాగం నల్లగా బూజు పట్టి ఉంది. తెరిచాను. పైచీర బాగానే ఉంది. రెండోది, మామిడిపిందెల అంచు ఉన్న మెరూన్ కంచిపట్టు, మడత మీద మడత మీద ఒకే ఆకారంలో మచ్చలు, విప్పుతుంటే వరసగా పూలు అద్దినట్టు. జరీ ఒక వేలెడు మేర నల్లబడింది. చేత్తో రుద్దితే పోలేదు, వేలికి మట్టివాసన అంటుకుంది. ఆల్బంలో తలంబ్రాల ఫోటో, దాని ఎదురు పేజీలో మా మామగారి మొహం, ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీయలేదు. అలాగే ఎండలో పెట్టి, ఫోనులో తీసిన కాపీలున్నాయి కదా అని నాకు నేను నాలుగైదుసార్లు చెప్పుకున్నాను.

అప్పటిదాకా "తర్వాత చూద్దాం" అంటున్నదాన్ని, ఆ పూట మాత్రం విసవిసా తేల్చేశాను. పుస్తకాలు గ్రామంలో ఛారిటీ షాపుకి రెండు విడతలుగా, సైకిలు మీద. గ్రైండరు మిల్టన్ కీన్స్‌లో ఉన్న ఒక తెలుగువాళ్ళకి. వాళ్ళింటికి గోడలో స్విచ్చు నొక్కితే ఎంతసేపైనా కరెంటు వస్తుంది. చిన్నాచితకా గట్టు మీద పెట్టి, కావలసినవాళ్ళు తీసుకోండని అట్టముక్క మీద రాశాను. సాయంత్రానికి చాలావరకు పోయాయి, ఛార్జర్లు తప్ప. సొంత రేవు లేని పడవలం కదా, పద్నాలుగు రోజులకి మించి ఒకచోట ఉండకూడదు. మిగిలిందాన్ని అలా గట్టు మీదే వదిలేసి కదిలిపోవడం మర్యాద కాదు, మోసుకెళ్ళి చెత్త తీసుకునే పాయింటులో వేశాం.

అమ్మకి వీడియో కాల్‌లో చెప్పాను.

"గ్రైండరు పారేశావా?"

"పారెయ్యలేదమ్మా, ఇచ్చేశాను."

"రోలు?"

"అదింకా ఉంది."

"ఉండనీ. అదేం తింటుందే నీ దగ్గర?"

చూడండి, నాకు ఈ 'తక్కువ సామాను, ఎక్కువ శాంతి' కబుర్లు పడవు. పడవలో ఉంటామంటే చాలు, ఆహా ఎంత నిరాడంబరం అంటారు. పూర్వం ఈ కాలవల మీద సరుకు మోసినవాళ్ళు, రైళ్ళు పోటీకి వచ్చి కూలి పడిపోయాక ఒడ్డు మీద ఇంటికి అద్దె కట్టలేక పెళ్ళాంపిల్లల్ని పడవలోకే తెచ్చుకున్నారు. పదడుగులకి మించని గదిలో సంసారమంతా. అల్మరా తలుపు దింపితే బల్ల, ఇంకో అల్మరాలోంచి పరుపు, దిగే మెట్టే బొగ్గుపెట్టె. ఆ ఇరుకు చూసి 1877లో చట్టమే చేశారు, పడవలో ఎంతమంది ఉండొచ్చో కట్టడి చేస్తూ. అలాంటి గదిలో కూడా గోడనిండా లేసు అంచుల పింగాణీ ప్లేట్లు, తోమి తోమి మెరిపించిన ఇత్తడి గుబ్బలు. ఒక పాత సరుకు పడవలో ఆ గది చూసినప్పుడు నాకు మా అమ్మమ్మ వంటింట్లో ఇత్తడి బిందెల వరస గుర్తొచ్చింది. వాళ్ళెవరూ నిరాడంబరులు కారు. చోటు లేదు, అంతే.

ఇక వారం తిరక్కుండా రెండు దెబ్బలు తగిలాయి. మొదటిది, నీళ్ళలో తిరుగుతూ పడవని తోసే పంఖాకి ఏదో గుడ్డ చుట్టుకుని పడవ ఆగిపోయింది. వెనక మూత తీసి, చల్లటి నీళ్ళలో భుజం దాకా చెయ్యి పెట్టి కోసి తీయాలి. దానికి పనికొచ్చేది రంపపు కత్తి. దాన్ని నేనే గట్టు మీద పెట్టాను. మా ఆయన కూరగాయల చాకుతో గంటన్నర కోశాడు. ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ.

రెండోది ఇంకా బాగుంది. అంత బరువు తీసేశాక పొద్దున్నే దోసె వేస్తే, పిండి కుడికి జారింది.

ఇద్దరం పెనం వైపు చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి మా ఆయన నెమ్మదిగా అన్నాడు, "మొదటేడాది పుస్తకాలు తెచ్చినప్పుడు కొంచెం ఒరిగింది... నేను ఓ నలభై ఇటుకలు కుడికి మార్చాను." నాకు చెప్పనేలేదు. అంటే అప్పుడు ఇటుకలతో సర్ది, ఆ తర్వాత మళ్ళీ ఎడమకే నింపుకుంటూ పోయాం.

నేల చెక్కలు లేపాం. ఇటుకలు ఒక్కోటి మూడు కిలోల పైనే, నీలంగా, తడిగా, అంచులు మొద్దుబారి. నేను అందిస్తుంటే ఆయన పేర్చాడు. మధ్యాహ్నానికి గుడ్డు దాదాపు నిలబడింది. దాదాపు. ఇంకా ఒక్క రవ్వ కుడికి చూస్తోంది, కానీ ఎడమకి తోయడానికి అడుగున ఇంక చోటు లేదు, నడుములూ లేవు.

రోలు తీసుకెళ్ళి ఎడమ మూలలో, పొయ్యి కింద పెట్టాను. పదిహేను టన్నుల పడవకి తొమ్మిది కిలోల రోలు ఒక లెక్కా అని మా ఆయన నవ్వాడు. నవ్వనీ. అందులో కొబ్బరి పచ్చడి నూరి, దోసెలు వేశాను. ఆయన తన ప్లేటులో దోసె చుట్టూ తిప్పి అంచులు చూసుకున్నాడు.

"ఇది బానే ఉంది," అన్నాడు, "రోలు ఇంకో జానెడు వెనక్కి జరుపు."