మొదటి ఎనిమిది వారాలు: పెరట్లో అసిల్ కోళ్లను మేపి పెంచిన నా అనుభవం

పెరట్లో కోళ్లు పెంచడమంటే పొద్దున్నే గూడు తలుపు తీసి గుప్పెడు గింజలు చల్లి, సాయంత్రం లెక్క చూసుకుని తలుపు వేయడమేనని చాలామంది అనుకుంటారు. ఎదిగిన కోళ్ల విషయంలో ఇది చాలావరకు నిజమే. అసిల్ వంటి జాతి కోడి పెద్దదయ్యాక పురుగునీ పుట్రనీ, రాలిన గింజనీ, లేత గడ్డినీ తానే వెతుక్కుని తింటుంది; మనం పెట్టేది పైమేత మాత్రమే. కాని గుడ్డులోంచి బయటపడిన పిల్ల ఆ స్థితికి చేరేలోపు గడిచే మొదటి ఎనిమిది వారాలలోనే మంద నిలబడుతుందో లేదో తేలిపోతుంది. పశ్చిమ గోదావరి జిల్లాలో మా ఇంటి పెరట్లో కొన్నేళ్లుగా ఈ కోళ్లను పెంచుతున్నాను. ఈ కాలంలో నేను నేర్చుకున్నదానిలో ఎక్కువ భాగం ఆ ఎనిమిది వారాలకు సంబంధించినదే కనుక, ఇక్కడ కూడా దాని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

అసిల్ మన ప్రాంతపు జాతి. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ నమోదు చేసిన దేశీ కోడి జాతులలో ఆంధ్రప్రదేశ్‌కు చెందినవిగా అసిల్, ఘాగస్, కాళహస్తి జాతులు ఉన్నాయి. పొడవాటి మెడ, నిటారుగా నిలబడే ఒళ్లు, బలమైన కాళ్లు, తలకు అణిగిపోయినట్లుండే చిన్న జుట్టు చూసి అసిల్‌ను ఎవరైనా గుర్తుపట్టగలరు. మా వైపు ఈక రంగును బట్టి డేగ, కాకి, నెమలి, సేతువ అని పిలుస్తారు. కేవలం గుడ్ల కోసం పెంచుకోవాలనుకునేవారికి ఈ జాతి సరిపడదు. విడతకు పది పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చునే ఈ పెట్ట ఏడాది మొత్తం మీద అరవై గుడ్లు దాటడం అరుదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ వంటి పెరటి రకాలు అంతకు రెండు మూడు రెట్లు పెడతాయి. అయితే ఆ రకాలలో పొదిగే గుణం దాదాపు లేదు, పిల్లల కోసం ప్రతిసారీ బయటికి వెళ్లవలసిందే. అసిల్ పెట్ట తన గుడ్లను తానే పొదుగుతుంది, గద్ద వాలితే ఎదురు తిరిగి తన్నుతుంది, పిల్లలకు ఏది తినాలో ఏది తినకూడదో ముక్కుతో చూపించి నేర్పుతుంది. ఈ తల్లితనం కోసమే నేను ఈ జాతిని ఎంచుకున్నాను.

పొదిగించడానికి వెదురు గంపలో అడుగున పొడి ఇసుక పోసి, దానిపైన మెత్తని వరిగడ్డి పరిచి, పేలు, గోమార్లు చేరకుండా కొంచెం వేపాకు వేస్తాను. వారానికి మించి నిలవ ఉన్న గుడ్లను పొదగడానికి వాడను. పెట్టను చీకటి పడిన తరువాత గుడ్ల మీద కూర్చోబెడితే తొందరగా కుదురుకుంటుంది. ఏడో రాత్రి ఒక్కొక్క గుడ్డు వెనుక ఫోను దీపం పెట్టి చూస్తే, జీవమున్న గుడ్డులో ఒక నల్లని చుక్క, దాని నుంచి నలువైపులా పాకిన ఎర్రని సన్న నరాలు స్పష్టంగా కనిపిస్తాయి; ఏమీ కనిపించని గుడ్లను తీసివేస్తే, అవి మురిగి పగిలి మిగతావాటిని పాడుచేసే ప్రమాదం తప్పుతుంది. పొదిగే పెట్ట రోజుకు ఒక్కసారి, పావుగంటో ఇరవై నిమిషాలో మాత్రమే గంప దిగుతుంది. ఆ కాస్త సమయంలో కడుపు నిండాలంటే జొన్నలు, ధాన్యం వంటి గట్టి గింజలే పెట్టాలని మా అత్తగారు చెప్పేవారు. తడి మేత పెడితే రెట్ట పలచబడి గుడ్లను ఖరాబు చేస్తుందని ఆమె చెప్పిన కారణం నూటికి నూరు పాళ్లు నిజం. గింజల పక్కనే నీళ్లు, మరికొంచెం దూరంలో పొర్లడానికి కట్టెల బూడిద కలిపిన మన్ను ఉంచితే పెట్ట అటూ ఇటూ తిరగకుండా పని ముగించుకుని గుడ్ల మీదికి చేరుతుంది.

ఇరవై ఒకటో రోజున పిల్లలు బయటికి వస్తాయి. వచ్చిన వెంటనే మేత పెట్టాలన్న తొందర అక్కరలేదు. గుడ్డులోని పచ్చసొన మిగులు పిల్ల కడుపులోకి చేరి ఉంటుంది కనుక మొదటి ఒకటి రెండు రోజులు దానికి అదే ఆహారం. అన్ని గుడ్లూ పిగిలేదాకా తల్లిని కదపకుండా ఉంచి, ఆ తరువాతే గంప దించుతాను.

ఇక మేత విషయం. మా ఊళ్లో పిల్లలకు నూకలు చల్లడం ఆనవాయితీ. నూకలు బలమైన ఆహారమే, కాని వాటిలో మాంసకృత్తులు సుమారు ఎనిమిది శాతమే ఉంటాయి. ఎనిమిది వారాల లోపు కోడిపిల్లకు కావలసినది ఇరవై శాతం. ఎకరాల కొద్దీ దిబ్బలూ, గడ్డివాములూ, పశువుల పాకలూ ఉన్న రోజులలో ఆ లోటును పురుగులు పూడ్చేవి. సిమెంటు గచ్చు చేసిన వాకిళ్లలో, పురుగుమందు కొట్టిన చేల పక్కన ఆ పురుగులు ఎక్కడి నుంచి వస్తాయి? నూకలు మాత్రమే తిన్న పిల్లకు కడుపు నిండుతుంది గాని ఈకలు రావు, రెక్కలు వేలాడతాయి, తల్లి వెంట నడవలేక వెనకబడుతుంది. అందుకని పశువైద్యుల సలహా తీసుకుని సుమారు పది కిలోల లెక్కన ఒక మిశ్రమం తయారు చేసుకున్నాను: నూకలు, మొక్కజొన్న రవ్వ కలిపి అయిదు కిలోలు, తవుడు ఒక కిలో, సోయా చెక్క (నూనె తీయగా మిగిలిన పిప్పి) రెండు కిలోలు, వేరుశనగ చెక్క ఒక కిలో, ఎండు మెత్తళ్ల పొడి ముప్పావు కిలో, కోళ్లకు అమ్మే ఖనిజ లవణాల పొడి రెండు వందల గ్రాములు. మెత్తళ్ల విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేపలు కోడిపిల్లలకు విషంతో సమానం. ఉప్పు లేకుండా ఇసుక తిన్నెల మీదో వలల మీదో ఎండబెట్టినవి అడిగి మరీ కొనాలి, కొన్నాక ఒకటి నోట్లో వేసుకుని చూడాలి.

వేరుశనగ చెక్కతో వచ్చే ప్రమాదం బూజు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చనిపోతే, వాటి మేతలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ పిండిలో బూజు చేసిన విషం ఉన్నట్లు తరువాత తేలింది. అఫ్లాటాక్సిన్ లోకానికి తెలిసింది అలాగే. తేమ విపరీతంగా ఉండే మా డెల్టాలో ఆషాఢం నుంచి కార్తికం దాకా చెక్కను బస్తాలలో కొని పెట్టుకోవడం క్షేమం కాదు. రెండు వారాలకు సరిపడా మాత్రమే తెచ్చి, విరిచి చూసి, లోపల పచ్చని పొడి గాని ముక్క వాసన గాని ఉంటే ఎంత ఖరీదు పెట్టినదైనా పారబోయవలసిందే.

మిశ్రమం బాగున్నా అది పిల్లల నోటికి అందడం మరొక సమస్య. పిల్లలకు పెట్టిన మేతను తల్లి, దాని వెనుక మిగతా పెద్ద కోళ్లు నిమిషాలలో ఖాళీ చేస్తాయి. దీనికి నేను వాడే ఉపాయం పాతదే. కంతలు కొంచెం ఎడంగా అల్లిన పెద్ద వెదురు గంపను నాలుగు ఇటుకల మీద బోర్లించి, మేత పళ్లెం గంప మధ్యలో పెడతాను. ఇటుక ఎత్తు సందులోంచి పిల్లలు దూరగలవు, తల్లి దూరలేదు. తల్లి గంప చుట్టూ తిరుగుతూ పిలుస్తుంటే పిల్లలు లోపలికీ బయటికీ పరుగులు తీస్తూ తింటాయి. మొదటి వారం పిల్లకు రోజుకు పది గ్రాములు చాలు గాని, దానిని ఒక్కసారి కాక నాలుగైదు విడతలుగా పెట్టాలి. నీళ్ల పళ్లెంలో పిల్ల మునగకుండా గులకరాళ్లు వేయాలి. పళ్లెం పక్కన పిడికెడు ముతక ఇసుక పోయడం కూడా మరువకూడదు. పళ్లు లేని కోడికి కందనకాయే తిరుగలి, ఇసుక రేణువులు లేనిదే అది గింజను నలగగొట్టలేదు.

పురుగుల లోటుకు చెదలు పట్టడం మంచి మార్గం. పాత కుండలో తడిపిన గోనె ముక్కలు, గడ్డి, ఎండు పేడ కూరి చెదలున్న చోట సాయంత్రం బోర్లిస్తే తెల్లవారేసరికి కుండ నిండా చెదలు పడతాయి. వాటిని పిల్లల ముందు దులిపినప్పుడు ఆ ఎగబడి తినడం చూస్తే వాటికి ఏది అవసరమో ఎవరూ చెప్పనక్కరలేదు. నీటి మీద తేలుతూ పెరిగే చిన్న మొక్క అజొల్లాను కూడా పెంచుతున్నాను. ఎండబెడితే దానిలో పావు వంతు మాంసకృత్తులున్న మాట నిజమే, కాని పచ్చి అజొల్లాలో తొంభై శాతానికి పైగా నీరే. అందువల్ల పెద్ద కోళ్లకు అది మంచి పచ్చిమేత అవుతుంది గాని, చిన్న పిల్లకు చెక్కకూ చేపకూ బదులు కాలేదు.

మేత ఎంత బాగా పెట్టినా టీకా లేకపోతే కొక్కెర తెగులు (రాణిఖెత్) ఒక్క వారంలో పెరడును ఖాళీ చేస్తుంది. ఆకుపచ్చని పారుడు, నోరు తెరిచి ఎగశ్వాస, మెడ వంకర తిరగడం మొదలయ్యాక చేయగలిగిన వైద్యం లేదు. అందుకని ఈ తెగులుకు ఏడో రోజున లసోటా అనే టీకా చుక్క కంట్లో వేయాలి. వేయగానే పిల్లను వదిలేయకుండా, అది రెప్ప వాల్చి చుక్క లోపలికి ఇంకేదాకా అరచేతిలోనే పట్టుకోవాలి. నాలుగో వారంలో అదే టీకాను మళ్లీ వేసి, ఎనిమిదో వారంలో ఇదే తెగులుకు ఇచ్చే ఆర్ టు బి అనే మరో టీకాను అర మిల్లీలీటరు చొప్పున రెక్క దగ్గర చర్మం కిందికి ఇప్పించాలి. దానికి వారం ముందు నట్టల (కడుపులోని పురుగుల) మందు తాగిస్తే టీకా బాగా పడుతుంది. కోళ్ల మశూచి టీకా కూడా ఈ మధ్యలోనే వేయిస్తాను.

ఇక్కడ చిన్న మందల వాళ్లకు ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. టీకా సీసా సాధారణంగా వంద మోతాదులకు తక్కువ దొరకదు, కలిపిన రెండు గంటలలో వాడేయాలి, దుకాణం నుంచి ఇంటిదాకా మంచు ముక్కల మధ్య తేవాలి. పది పిల్లలున్న వాళ్లు ఇంత తతంగం ఎందుకని మానేస్తారు. మా వీధిలో నేను ముందుగా తేదీ చెప్పి సీసా తెప్పిస్తున్నాను. “పిన్నిగారూ, మా వాటికి కూడా వేయించండి” అంటూ ఎదురింటివాళ్లు, వెనక వీధివాళ్లు గంపలతో వస్తారు. ఇది పరోపకారం కోసం చేసేది మాత్రమే కాదు. పక్క పెరట్లో తెగులు ఉంటే మన గోడ దానిని ఆపలేదు.

ఎనిమిది వారాలు దాటాక ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. మిశ్రమంలో సోయా, చేప తగ్గించి తవుడు, జొన్న, సజ్జ పెంచుతాను. పగలంతా తిరిగి మేసే పెద్ద కోడికి సాయంత్రం నలభై, యాభై గ్రాముల పైమేత సరిపోతుంది. గుడ్లకు వచ్చిన పెట్టలకు మాత్రం ఆల్చిప్పల పొడి విడిగా ఒక మూకుడులో ఉంచితే ఎంత కావాలో అంతే తింటాయి. దానిని పిల్లల మేతలో కలపకూడదు, అంత సున్నం వాటి మూత్రపిండాలకు చేటు.

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు ఈ లెక్కలన్నీ తారుమారయ్యాయి. మా ఊరు నిషేధ పరిధిలోకి రాకపోయినా, చెరువుల మీద వాలే పక్షులతో కలవకుండా కోళ్లను వలలోపలే కట్టడి చేశాను. తిరిగి మేయడం ఆగిపోయేసరికి ఒక్కొక్క కోడికి వంద గ్రాములకు పైగా మేత కావలసి వచ్చింది. పెరడు ఇన్నాళ్లూ ఎంత మేపుతున్నదో నాకు కళ్లకు కట్టింది అప్పుడే. ఖాళీగా ఉన్న కోళ్లు ఒకదాని ఈకలు ఒకటి పీక్కోవడం మొదలుపెడితే తోటకూర, మునగాకు కట్టలను అవి మెడ సాచి అందుకునే ఎత్తులో వేలాడదీశాను. పొద్దంతా వాటిని పొడుచుకుంటూ ఈకల జోలి మానేశాయి.

పుంజుల గురించి కూడా చెప్పాలి. నాలుగైదు నెలలు వచ్చేసరికి అసిల్ పుంజులు ఒకే చోట ఇమడవు. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజును ఉంచి, మిగిలినవాటిని విడివిడిగా అడ్డుకట్టలలో పెంచుతాను. ధనుర్మాసం వచ్చేసరికి బరికి పుంజులు కావాలని వేలకు వేలు చూపుతూ వచ్చేవారుంటారు. జంతువులను పోరుకు పెట్టడాన్ని 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం నిషేధించింది. చట్టం మాట అటుంచినా, కంట్లో చుక్క వేసి అరచేతిలో పెంచిన ప్రాణిని కత్తి కట్టడానికి ఇవ్వడం నాకు సమ్మతం కాదు. వారికి ఇవ్వను.

జాతి కావాలని అడిగేవారికి మాత్రం సంతోషంగా గుడ్లు ఇస్తాను, వాళ్ల ఇంట్లో పొదుగుకు వచ్చిన నాటు పెట్ట ఉంటే చాలు. అలా తీసుకున్న ఒక కుటుంబం ఇప్పుడు మా పక్క ఊళ్లో మంచి మందను నిలబెట్టింది. మేనరికం పెరిగితే గుడ్లు పిగలడం తగ్గుతుంది కనుక, రెండేళ్లకోసారి పుంజును మార్చుకోవాలని అనుకున్నాము. ఈ సంక్రాంతి దాటాక వాళ్ల నెమలి పుంజు మా పెరటికి వస్తుంది, మా డేగ పుంజు వాళ్ల పెరటికి వెళుతుంది. మార్చిన పుంజును వెంటనే మందలో కలపకుండా మూడు వారాలు విడిగా ఉంచి, నట్టల మందు తాగించి, రెట్ట గట్టిగా ఉందో లేదో చూసుకున్నాకనే పెట్టలలోకి వదులుతాము.