పీసీఓఎస్ ఉంటే లివర్ కూడా ఒకసారి చూపించుకోండి

ఇంటర్ నుంచే నాకు పీరియడ్స్ సరిగ్గా వచ్చేవి కావు, రెండు మూడు నెలలకోసారి, పైగా గడ్డం మీద వెంట్రుకలు, దవడల వెంట మొటిమలు. పెళ్ళయితే అవే సర్దుకుంటాయిలే అనేది అమ్మమ్మ. పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య అని టాబ్లెట్స్ రాసినవాళ్ళూ, మొటిమలకి క్రీమ్ రాసినవాళ్ళూ ఉన్నారు గానీ లివర్ మాట ఒక్కరూ ఎత్తలేదు.

28 ఏళ్ళకి ఆఫీస్ హెల్త్ చెకప్‌లో లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ 90 దాటింది, స్కానింగ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్. "ఈ రోజుల్లో అందరికీ ఉంటుందమ్మా, కాస్త వెయిట్ తగ్గు" అని పంపించేశారు. మా వదిన నర్సు, తను ఊరుకోలేదు, హైదరాబాద్‌లోనే లివర్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్‌లో 8.6 వచ్చింది, అంటే కొవ్వు పట్టడమే కాదు, లివర్ గట్టిపడటం కూడా మొదలైందన్నమాట. చాలా భయమేసింది.

ఆ డాక్టర్ గారు మందు తాగుతావా అని అడిగి, వెంటనే పీరియడ్స్ గురించి అడిగారు. టెస్టోస్టెరాన్ చూస్తే ఎక్కువే ఉంది. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే ఓవరీస్ టెస్టోస్టెరాన్ ఎక్కువ తయారుచేస్తాయట, దాన్ని పట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌ని లివర్ తక్కువ చేస్తుందట, దాంతో ఫ్రీ టెస్టోస్టెరాన్ ఇంకా పెరుగుతుంది. మామూలుగా మెనోపాజ్ దాకా ఆడవాళ్ళ లివర్‌కి ఈస్ట్రోజెన్ కొంత అండగా ఉంటుంది కదా, కానీ ఫ్యాటీ లివర్ ఉన్న ఆడవాళ్ళ మీద అమెరికాలో చేసి 2021లో వేసిన ఒక స్టడీలో, టెస్టోస్టెరాన్ ఎక్కువున్నవాళ్ళలో లివర్ వాపు, మచ్చలు ఎక్కువ కనిపించాయి, అదీ చిన్న వయసువాళ్ళలోనే గట్టిగా. ఇది ముందే ఎవరైనా చెప్పుంటే ఎంత బాగుండేది!

మెట్‌ఫార్మిన్ పీసీఓఎస్ కోసం ఇచ్చారు, లివర్‌కి మాత్రం బరువు తగ్గడమే అసలు మందు, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు దిగుతుంది అన్నారు. రాత్రి అన్నం మానేసి రెండు జొన్నరొట్టెలు, తోటకూర పప్పు. అమ్మ మొదట్లో బాధపడి ఇంకో రొట్టె కంచంలో వేసేసేది, తర్వాత తనే పిండి కొలిచి కలపడం మొదలుపెట్టింది. సాయంత్రం వాకింగ్, వారంలో కొన్నిరోజులు బరువులు ఎత్తడం.

బరువు పెద్దగా తగ్గకముందే పీరియడ్స్ నెలనెలా రావడం మొదలైంది, ఏడ్చేశాను. ఏడాది దాటాక ఎస్‌జీపీటీ 34, ఫైబ్రోస్కాన్ 5.9. గడ్డం మీద వెంట్రుకలు మాత్రం ఇంకా ఉన్నాయి, వాటికి టైమ్ పడుతుందట.

మా పిన్ని కూతురికి 22, అవే మొటిమలు, అవే పీరియడ్స్ గోల. ఈసారి థైరాయిడ్ టెస్ట్‌తో పాటు ఎల్ఎఫ్‌టీ (లివర్ పనితీరు చూసే రక్తపరీక్ష), షుగర్ కూడా చేయిస్తున్నాం.