40 చింతపిక్కలు

ఆపరేషన్ వచ్చే గురువారం. ఫిట్‌నెస్ కాగితం మీద మత్తు డాక్టరు నిన్ననే సంతకం పెట్టారు. కోపం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నా.

రొమ్ము క్యాన్సర్. గడ్డ పెద్దదిగా ఉంది, ముందు కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేద్దామన్నారు. ఎర్రరంగులో ఉండే కీమో మందు 3 వారాలకొకటి చొప్పున 4 సార్లు, ఆ తర్వాత పాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు వారం వారం 12 సార్లు. వాంతులు, నోటిపూత, జుట్టు రాలడం అన్నీ అయ్యాయి. అవి చాలామందికి ఉండేవే.

"ఇంట్లోనే ఉండండి కానీ మంచం పట్టకండి. కండ కరిగిపోతే ఆపరేషన్ తర్వాత లేవలేరు. వారానికి కనీసం 3 రోజులు అరగంట నడవండి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోండి" అంది డాక్టరమ్మ. సరేనని తెల్లవారి ఐదున్నరకే మాస్కు, స్కార్ఫు కట్టుకుని మా ఫ్లోర్ కారిడార్‌లో నడక మొదలుపెట్టా.

పదో రోజు అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఫోన్ చేశారు. నాకు కాదు, మా ఆయనకి. "మేడమ్‌గారిని కాస్త లోపలే నడుచుకోమనండి సార్. పిల్లలు జడుసుకుంటున్నారట." ఐదున్నరకి ఏ పిల్లలు లేస్తారండీ? మా ఆయన "అలాగేనండి" అన్నారు. ఆ అలాగే ఇప్పటికీ మింగుడుపడలేదు. 11 ఏళ్లలో ఒక్క నెల మెయింటెనెన్స్ ఆలస్యం చేయలేదు. సంక్రాంతికి వాళ్లింటికి అరిసెలు పంపింది ఈ చేతులే. ఎదురింటావిడైతే లిఫ్టులో గోడకి అతుక్కుపోయి "అంటుకోదు కదండీ?" అని అడిగింది. క్యాన్సర్ అంటుకోదు తల్లీ. కీమోతో, రోగాలతో పోరాడే తెల్లకణాలు పడిపోయిన వారంలో నువ్వు దగ్గితే నాకే ప్రమాదం!

రెండు రోజులు మంచం దిగలేదు. మూడో రోజు పంతం వచ్చింది. వంటింటి గట్టు నుంచి బాల్కనీ దాకా 24 అడుగులు. ఒక గిన్నెలో 40 చింతపిక్కలు పోసి, వెళ్లొచ్చినప్పుడల్లా ఒకటి రెండో గిన్నెలో వేసేదాన్ని. గిన్నె ఖాళీ అయితే అరగంట. కావాలనే స్టీలు గిన్నె పెట్టా, టంగున మోగాలని. సెక్రటరీగారిది సరిగ్గా మా కింది ఫ్లాటే.

పాక్లిటాక్సెల్‌తో అరికాళ్లు మొద్దుబారాయి. ఒకరోజు పిక్క వేస్తూ చూసుకుంటే కాలికి చెప్పు లేదు. సోఫా కింద ఊడిపోయినా తెలియలేదు. వెనక పట్టీ ఉన్నవే కొనుక్కోండి. జ్వరం 100.4 తాకితే నడకా వద్దు, ఇంటి వైద్యమూ వద్దు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. "నీరసంగా ఉంటావు, పడుకోవే" అనే చుట్టాల ఫోన్ మాత్రం ఎత్తకండి.

నిన్న మత్తు డాక్టరు "ఆగకుండా రెండంతస్తులు ఎక్కగలరా?" అన్నారు. "మూడు ఎక్కమంటారా?" అన్నా. ఇంటికొచ్చాక మా ఆయన్ని లిఫ్టులో పంపించి, స్కార్ఫు తీసేసి మెట్లెక్కా. రెండో అంతస్తులో సెక్రటరీగారి తలుపు తీసే ఉంది. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టారు. నేను పెట్టలేదు. ఆగకుండా ఎక్కాలి కదా మరి.