పట్టేసిన మానిఫోల్డ్ నట్లు విప్పిన నా అనుభవం

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగను బయటికి పంపే పైపుల గుత్తి) గాస్కెట్, అంటే అతుకులో పొగ కారకుండా ఆపే పలక, మార్చాలంటే అసలు పనంతా పాత నట్లు విప్పడంలోనే ఉంది. కొత్త గాస్కెట్ పెట్టడం నిమిషాల పని. నా కారులో ఆ నట్లు ఏళ్ల తరబడి వేడికి కాలి, చల్లారి, తుప్పుతో స్టడ్‌లను (ఒక కొస ఇంజిన్‌లోకి దిగి, రెండో కొసన నట్ ఎక్కే మరల కడ్డీలను) పట్టేసి ఉన్నాయి. తుప్పు తను పుట్టిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నట్, స్టడ్ మరల మధ్య ఉండే సన్నటి ఖాళీ మొత్తం దానితో నిండిపోతుంది. పైగా స్టడ్ ఉక్కు, అది దిగిన ఇంజిన్ హెడ్ (ఇంజిన్ పైభాగం) అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కాబట్టి బలం ఎక్కువైతే స్టడ్ విరగొచ్చు, లేదా హెడ్‌లో మర చెడిపోవచ్చు. నాకున్న టెన్షన్ అంతా ఆ రెండోదాని గురించే.

బయటికి కనిపించే మరలను ముందు వైర్ బ్రష్‌తో శుభ్రంగా గీకాను. చాలామంది వదిలేసే పని ఇది. నట్ బయటికి రావాల్సిన దారిలో మట్టి, తుప్పు ఉంటే, మొదట కాస్త కదిలిన నట్ కూడా మళ్లీ అక్కడే ఇరుక్కుంటుంది. తర్వాత పెనిట్రేటింగ్ ఆయిల్ (సన్నటి సందుల్లోకి పాకే నూనె) కొట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున మళ్లీ కొట్టాను.

నట్ మీద తొడిగి తిప్పే సాకెట్ మాత్రం ఆరు మూలలదే వాడాలి. పన్నెండు మూలలది నట్ అంచుల దగ్గర పట్టుకుంటుంది, తుప్పు తిన్న నట్ అయితే అంచులు అరిగి గుండ్రంగా అయిపోతుంది. సాకెట్‌ను సుత్తితో తట్టి పూర్తిగా దిగేలా కూర్చోబెట్టి, పొడవాటి బ్రేకర్ బార్ తగిలించాను. విప్పే ముందు ప్రతి నట్‌నూ ఒక వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పాను. తుప్పు పొర అక్కడే పగిలి, ఆ తర్వాత విప్పే వైపు తేలిగ్గా కదిలింది. కదిలాక కూడా ఒకేసారి లాగేయలేదు. పావు చుట్టు వెనక్కి, కొంచెం ముందుకు, మళ్లీ కాస్త ఆయిల్.

ఇంపాక్ట్ రెంచ్ (దెబ్బలు కొడుతూ నట్ తిప్పే మెషిన్) ఉన్నా ఈ చిన్న స్టడ్‌ల మీద వాడలేదు. నట్ ఏం చేస్తోందో అది చేతికి తెలియనివ్వదు. ఊడబోయే నట్ ‘టక్’మని వదిలి, కీచుమంటూ బరువుగా తిరుగుతుంది. ఎంత లాగితే అంత కదులుతుంది, వదిలితే అక్కడే ఆగుతుంది. విరగబోయే స్టడ్ అలా కాదు. బార్ మెత్తగా, రబ్బరులా సాగుతున్నట్టు వస్తుంది, చెయ్యి వదిలితే వెనక్కి వస్తుంది. అంటే నట్ కదలట్లేదు, స్టడ్ మెలిపడుతోంది. మెత్తదనం తగిలిన ప్రతిసారీ చెయ్యి ఆపేశాను. ఈ పనిలో ఇంతకంటే ముఖ్యమైన నైపుణ్యం లేదని నా నమ్మకం.

అలా మొండికేసిన రెండు నట్ల కోసం గ్యాస్ టార్చ్ తీశాను. ముందు బ్యాటరీ కేబుల్ విప్పి, దగ్గర్లోని ప్లాస్టిక్ భాగాలు తీసేసి, ఇంధన పైపులు దూరంగానే ఉన్నాయని చూసుకుని, ఆయిల్ తుడిచి, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకున్నాను. బ్రేక్ క్లీనర్ (జిడ్డు వదిలించే స్ప్రే) కొట్టిన చోట మాత్రం ఎప్పుడూ మంట పెట్టకండి. కొన్ని రకాల్లో క్లోరిన్ ద్రావకాలుంటాయి, అవి వేడికి ఫాస్జీన్ అనే విషవాయువును పుట్టిస్తాయి. మంటను స్టడ్ మీద కాకుండా నట్ మీదే తిప్పాను. 8 మిల్లీమీటర్ల ఉక్కు నట్ రంధ్రం 300 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది దాదాపు 0.03 మిల్లీమీటర్లే. తుప్పు పట్టు సడలడానికి అదే చాలు. వేడి మీదే మరల దగ్గర కొవ్వొత్తి ముక్క ఆనిస్తే మైనం కరిగి లోపలికి పీల్చుకుపోయింది. రెండూ వచ్చేశాయి.

చివర్లో, క్యాబిన్ గోడ వైపున్న స్టడ్ ఒకటి తుప్పుకు సగం సన్నబడిపోయి ఉంది. అది విరిగింది, కొద్దిగా మొన మాత్రం హెడ్ బయట మిగిలింది. అందులో రంధ్రం చేసి ఎక్స్‌ట్రాక్టర్ (విరిగిన ముక్కను లోపలి నుంచి పట్టి తిప్పి తీసే పనిముట్టు) దించడానికి నాకు మనసు రాలేదు. ఎక్స్‌ట్రాక్టర్ చాలా గట్టి ఉక్కు, పెళుసు కూడా. లోపల విరిగితే మామూలు డ్రిల్ బిట్ దాన్ని కోయలేదు. తెలిసిన వెల్డర్‌ను పిలిచి ఆ మొన మీద కొత్త నట్ వెల్డ్ చేయించాను. వెల్డింగ్ వేడి స్టడ్ లోపలిదాకా వెళ్లి పట్టును వదిలిస్తుంది. కాస్త చల్లారనిచ్చి స్పానర్‌తో అటూ ఇటూ మెల్లగా తిప్పితే మొత్తం స్టడ్ బయటికి వచ్చింది. హెడ్‌లో మర చెక్కుచెదరలేదు.

రంధ్రాలన్నీ శుభ్రం చేసి కొత్త స్టడ్‌లు, కొత్త నట్లు వేశాను. నట్ల వైపు మరలకు వేడి తట్టుకునే, మళ్లీ పట్టేయకుండా చూసే యాంటీ-సీజ్ పేస్ట్ పలచగా రాశాను. మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్ (నట్ తిప్పి బిగించే బలం) పొడి మరలకైతే, పేస్ట్ రాసిన మరలకు అదే అంకె పెట్టకూడదు. జారుడు వల్ల అదే టార్క్‌కు స్టడ్ మీద లాగుడు ఎక్కువ పడుతుంది. అందుకే కొంచెం తగ్గించి, మధ్య నట్లతో మొదలుపెట్టి చివర్ల వైపు విడతలవారీగా బిగించాను.