బడి కమిటీకి ఏ వేళ కుదురుతుంది?

ప్రభుత్వ బడులు బాగుపడాలంటే తల్లిదండ్రులు పట్టించుకోవాలన్న మాట మా గుంటూరులో ఏ సభకు వెళ్లినా వినబడుతుంది. ఆ మాట చెప్పే పెద్దల మనుమలు చాలావరకు ప్రైవేటు బడుల పసుపు బస్సులెక్కి వెళ్తున్నారన్న సంగతి పక్కన పెట్టినా, పట్టించుకోవడమంటే ఏమిటో, ఏ వేళకు వచ్చి ఏ విషయం మీద నోరు విప్పాలో, విప్పితే ఎవరు వింటారో మాత్రం ఎవరూ చెప్పరు. బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించాక, పాత గుంటూరులోని ఒక మున్సిపల్ ప్రాథమిక పాఠశాల యాజమాన్య కమిటీలో నన్ను కో-ఆప్షన్ సభ్యురాలిగా తీసుకున్నారు. జమాఖర్చులు చూసిపెడతానన్నది వారి ఆలోచన. జమాఖర్చుల సంగతి తరవాత చెబుతాను. అంతకంటే ముందు చెప్పుకోవలసినవి వేళలు.

చట్టం వరకు చూస్తే తల్లిదండ్రులకు తక్కువ చేసిందేమీ లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యకు తగిన చోటు దక్కాలి. బడి పనితీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, వచ్చిన గ్రాంట్లు ఎలా ఖర్చవుతున్నాయో చూడడం ఆ కమిటీ పనులు. మన రాష్ట్రంలో అయితే అంతకు పన్నెండేళ్ల ముందే, 1998లో, పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యం కోసం ప్రత్యేకంగా ఒక చట్టం వచ్చింది. అప్పటి విద్యా కమిటీ తరవాత యాజమాన్య కమిటీ అయింది, 2019లో తల్లిదండ్రుల కమిటీ అయింది, మళ్లీ యాజమాన్య కమిటీ అయింది. 2024 ఆగస్టు 8న రాష్ట్రమంతటా ఈ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. తరగతికి ముగ్గురు చొప్పున, అయిదు తరగతుల బడిలో 15 మంది తల్లిదండ్రులు ఎన్నికవుతారు.

ఎన్నిక అన్నానే గాని, చాలాచోట్ల ముందురోజు రాత్రే వార్డులోని నలుగురు పెద్దలు కూర్చుని పేర్లు రాసేస్తారు, మర్నాడు దానికి ఏకగ్రీవం అని పేరు పెడతారు. ఏకగ్రీవాన్ని మనవాళ్లు ఘనతగా చెప్పుకుంటారు కాని, బడి విషయంలో నాకు అది నచ్చదు. పోటీ పడి రెండు ఓట్లతో గెలిచిన అమ్మకు తన మాటకు విలువ ఉందన్న ధీమా ఉంటుంది. పెద్దలు పిలిచి పేరు రాసిన అమ్మ, ఆ రాసినవారి మొహం చూడకుండా మాట్లాడలేదు.

ఈ ఊరికి బడిని తన సొంతం చేసుకోవడం కొత్త కాదు. 1922లో ఉన్నవ లక్ష్మీబాయమ్మ, లక్ష్మీనారాయణ దంపతులు ఆడపిల్లల చదువు కోసం ఇక్కడ శారదా నికేతనం స్థాపించినప్పుడు వెనక సర్కారు లేదు, పైగా ఆ రోజుల్లో సర్కారుతో పోరాటమే నడుస్తోంది. ఆనాటి బడిని నిలబెట్టింది ఊళ్లోని మనుషులు. ఇప్పుడు జీతాలు, పుస్తకాలు, భోజనం అన్నీ ప్రభుత్వమే ఇస్తున్నది కాబట్టి బడి ప్రభుత్వానిది, మనం లబ్ధిదారులం అన్న భావన స్థిరపడిపోయింది. కమిటీలో కూర్చున్న తల్లులు సైతం మొదట్లో అలాగే కూర్చుంటారు. వెనక వరుసలో, కొంగు భుజం మీదికి లాక్కుని, సంతకం పెట్టవలసిన చోటు ఎక్కడో చూపిస్తే పెట్టి వెళ్లిపోదామన్నట్టు కూర్చుంటారు.

ఇక వేళల సంగతికి వస్తాను. మా బడి పిల్లల తల్లులలో ఎక్కువమంది మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తారు. మిర్చి యార్డుకు కొత్త సరుకు పోటెత్తే జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఒక రకం ఒత్తిడి, తరవాత కోల్డ్ స్టోరేజీల సరుకు మీద ఇంకొక రకం పని. కూలి కిలోల లెక్కన కనుక, మధ్యాహ్నం మూడు గంటలకు బడిలో సమావేశం అంటే ఆ పూట సగం కూలి వదులుకోవడమే. తండ్రులు ఆటో తోలేవారు, యార్డులో బస్తాలు మోసే హమాలీలు, ఏటుకూరు రోడ్డు పక్క మెకానిక్కులు. వీరంతా సమావేశానికి రాకపోతే మనం వాడే మాట ఒకటుంది, వాళ్లకు శ్రద్ధ లేదని. మూడు గంటల సమావేశాన్ని ఆదివారం ఉదయం ఏడున్నరకు మార్చాక వచ్చినవారిని చూసి, శ్రద్ధ గురించి మాట్లాడడం నేను మానేశాను. ఆదివారం బడి తెరవడానికి ప్రధానోపాధ్యాయురాలు ఒప్పుకోవడం మాత్రం మామూలు సంగతి కాదు. ఆమెకూ ఇల్లుంది, ఆదివారమూ ఉంది. తల్లిదండ్రుల సౌకర్యం గురించి రాసేవారు ఉపాధ్యాయుల సెలవు ఎవరి జేబులోంచి పోతుందో కూడా రాయాలి. మేము దానికి కనుక్కున్న ఉపాయం చిన్నది: నెలకొకసారే ఆదివారం, అదీ గంటన్నర దాటకుండా, ఉపాధ్యాయుల్లో ఎవరో ఒకరు వంతు ప్రకారం వస్తే చాలు.

సమాచారం పంపే పద్ధతి కూడా మార్చవలసి వచ్చింది. వాట్సాప్ గుంపులో పొడుగాటి తెలుగు నోటీసు పెడితే అది చదవలేనివారు సగం మంది. మా చుట్టుపక్కల ఉర్దూ మాట్లాడే కుటుంబాలు కూడా తక్కువ కావు. ఇప్పుడు అదే నోటీసును తెలుగులో ఒక అమ్మ, ఉర్దూలో ఇంకొక అమ్మ చదివి వాయిస్ మెసేజీగా పెడుతున్నారు. ఆఫీసు భాష పోయి, "రేపు పిల్లల్ని డాక్టర్లు చూస్తారంట, బడి మానిపించొద్దు" అన్న పద్ధతిలో ఉంటున్నది. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు, ఏ పథకం పేరూ లేదు.

ఒక సమావేశంలో జరిగింది కాస్త వివరంగా చెప్పాలి. మూడో తరగతి ఉపాధ్యాయురాలు ఒక పిల్లవాడి నోట్సు తెరిచి, బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు ఎక్కించడం లేదని, అక్షరాలు తారుమారు చేస్తున్నాడని, ధ్యాస లేదని చెప్పింది. ఆ పిల్లవాడి తల్లి పుస్తకం అందుకోలేదు. "చేతులకు కారం ఉందండి, మీరే తిప్పండి" అంది. తొడిమలు తీసే చేతులు ఎన్నిసార్లు కడిగినా ఆ మంట పోదు. బడి కాగితాలు ముట్టుకోవలసి వస్తే వీళ్లు కొంగు చివరతో పట్టుకుంటారు. ఆమె మోకాళ్ల మీద వంగి ఆ పేజీలు చూసి, చదువు రాకపోయినా, పక్కపిల్ల పుస్తకం తెప్పించి పోల్చుకుంది. తరవాత అంది: "ఇంట్లో టీవీకి ముక్కు ఆనిచ్చి చూస్తాడండి మావోడు. ఎంత తిట్టినా ఎనక్కి జరగడు. బళ్లో ఎక్కడ కూర్చుంటాడు?" చివరి వరుసలో కూర్చుంటున్నాడు, పొడుగు పిల్లవాడని. బడిలో తెలిసింది బోర్డు సంగతి, ఇంట్లో తెలిసింది టీవీ సంగతి. రెండూ ఒకచోట చేరేదాకా ఆ పిల్లవాడు ధ్యాస లేనివాడుగానే ఉన్నాడు. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ప్రభుత్వ బడులకు వస్తాయి. మరుసటిసారి ఆ బృందం వచ్చినప్పుడు అతన్ని ముందుగా చూపించాం. కళ్లజోడు వచ్చింది. ఇప్పుడు ముందు వరుసలోనే కూర్చుంటున్నాడు, వెనకవాళ్లు కనబడటం లేదని గోల చేస్తున్నా సరే.

భాగస్వామ్యం అన్న పెద్ద మాటకు నేనిచ్చుకునే అర్థం ఇంతే. ఇంటికి తెలిసినది బడికి, బడికి తెలిసినది ఇంటికి చేరడం, చేరిన దాని మీద ఒక నిర్ణయం జరగడం. తల్లిదండ్రులను పిలిచి ఉపన్యాసం వినిపిస్తే ఒకవైపు మాత్రమే చేరుతుంది.

డబ్బు విషయంలో కూడా ఇదే సూత్రం పనిచేసింది. బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి కాంపోజిట్ గ్రాంటు ఏడాదికి 50,000 రూపాయలు. అందులో కనీసం పది శాతం పరిశుభ్రతకు ఖర్చు చేయాలి. రిజిస్టర్లు, సుద్దముక్కలు, చిన్నచిన్న మరమ్మతులు, పాడైన వస్తువుల మార్పిడి అన్నీ అందులోంచే. ఆ మొత్తం ఏమాత్రం పెద్దది కాదని ఎవరికైనా అర్థమవుతుంది, ఎవరైనా చదివి వినిపిస్తేనే. నేను చేరాక పట్టుబట్టింది ఒక్కటే: ప్రతి సమావేశంలో క్యాష్ బుక్కులోని పద్దులు పైకి చదవాలి. మొదటి రెండు సమావేశాల్లో అందరూ మర్యాదగా విన్నారు. తరవాత ఒక తండ్రి, ప్లంబింగ్ పని చేసుకునే మనిషి, మరుగుదొడ్డి కుళాయి పద్దు దగ్గర ఆపి, "ఆ కుళాయి ఏ కంపెనీదండి?" అని అడిగాడు. అడిగినంతలో దొంగతనమేదో బయటపడిందని అనుకోకండి. తక్కువ రకం కుళాయి మళ్లీ మళ్లీ కొని మళ్లీ మళ్లీ బిగిస్తున్నారు, అంతే. సామాను ఖర్చిస్తే కూలి లేకుండా బిగిస్తానన్నాడు, బిగించాడు. ఆ తరవాతే మిగిలినవారు పద్దులను ఇంటి ఖర్చుల్లా వినడం మొదలుపెట్టారు.

దాతల సంగతి కొంచెం సున్నితమైనది. గుంటూరులో దాతలకు కొదవ లేదు, ఇచ్చే గుణం ఉన్న ఊరు ఇది. అయితే దాత తనకు తోచింది ఇస్తాడు, బడి దాన్ని కాదనలేదు. ఫ్యాను రెక్కల మీద పేరు, గోడ మీద శిలాఫలకం, ఆవిష్కరణకు ఎండలో నిలబెట్టిన పిల్లలు, ఇవన్నీ ఆ దానంతో పాటు వస్తాయి. మా కమిటీ ఇప్పుడు అభివృద్ధి ప్రణాళికలోంచి ఒక కాగితం తీసి దాతల చేతిలో పెడుతున్నది. అందులో ఫ్యాన్లు లేవు. కథల పుస్తకాలు, వాటికి అట్టలు వేయించడం, కళ్లజోళ్లు విరిగితే మార్పించడం, ఉర్దూలో చదివి వినిపించే అమ్మ ఫోనుకు రీఛార్జి. రీఛార్జికి శిలాఫలకం పెట్టలేం కనుక ఇంతవరకు దానికి దాత దొరకలేదు.

మెగా తల్లిదండ్రుల సమావేశాల గురించి నా అభిప్రాయం అడిగేవారున్నారు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకేరోజు జరిగిన మొదటి సమావేశానికి ముఖ్యమంత్రి మన పక్కనున్న బాపట్ల మున్సిపల్ ఉన్నత పాఠశాలకు వచ్చారు. 2025 జులై 10న రెండోది జరిగింది. ముగ్గులు, ఆటల పోటీలు, సహపంక్తి భోజనం ఉంటే అది పండగే గాని సమావేశం కాదని విమర్శించడం సులువు. కాని ఏనాడూ బడి గడప ఎక్కని తండ్రులు ఆ రోజు వచ్చి, పిల్లల పక్కన బెంచీ మీద ఇరుక్కుని కూర్చోవడం నేను చూశాను. గడప దాటించడానికి పండగ పనికొస్తుంది, ఒప్పుకుంటాను. దాటాక కూర్చోబెట్టి మాట్లాడించే పని మాత్రం మామూలు నెలల్లో జరగాలి. చదువుకునే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం పథకం డబ్బుల్లో 15,000కు 13,000 తల్లి ఖాతాకు, 2,000 బడి నిర్వహణకు వెళ్తున్నాయని తెలిసినప్పటి నుంచి, మరుగుదొడ్డి కంపు కొడితే "మా రెండువేలు ఏమైనాయి" అని అడిగే తల్లులు బయల్దేరారు. ఆ ప్రశ్న కటువుగా ఉందని కొందరు ఉపాధ్యాయులు నొచ్చుకుంటారు. నా మటుకు నాకు అది ముగ్గుల పోటీకంటే ఎక్కువ నచ్చింది.

మధ్యాహ్న భోజనం మీద తల్లుల చూపు ఎప్పుడూ ఉండేదే. వంతులవారీగా ఇద్దరు వచ్చి రుచి చూసి రిజిస్టరులో వేలిముద్రో సంతకమో వేస్తున్నారు. సన్నబియ్యం వచ్చాక, పాత లెక్కన నీళ్లు పోస్తే అన్నం ముద్దవుతున్నదని వంటమ్మకు చెప్పింది వీళ్లే.

మాకు ఇప్పటికీ తెగని సమస్య ఒకటుంది. మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు. ఎండల దృష్ట్యా అది సరైన నిర్ణయమే, మా ఊరి ఎండ తెలిసినవారెవరూ కాదనరు. భోజనం పెట్టి పన్నెండున్నరకు పిల్లలను పంపేస్తారు. సరిగ్గా అవే నెలల్లో మిర్చి పని ముమ్మరం, తల్లులు ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. ఆ మధ్యలో ఆరేడేళ్ల పిల్లలు రేకుల ఇళ్లలో, తాళం వేసిన గుమ్మాల ముందు, లేదా తల్లి పక్కనే మిర్చి ఘాటులో తుమ్ముతూ గడుపుతారు. బడిలో ఒక గది, ఫ్యాను, తాగునీరు ఉన్నాయి. వీధిలో పనినుంచి విరమించి ఇంటి పట్టున ఉన్నవారు నాతో కలిపి అరడజను మంది ఉన్నారు. సాయంత్రం దాకా ఆ గది తెరిచి పిల్లలను కూర్చోబెట్టడానికి మేము సిద్ధం. తాళం ఎవరి దగ్గర ఉండాలి, బడి వేళ దాటాక పిల్లవాడు కింద పడితే బాధ్యత ఎవరిది అన్న రెండు ప్రశ్నల దగ్గర ఆగాం. ప్రధానోపాధ్యాయురాలి భయం సబబైనదే, రేపు ఏదైనా జరిగితే సంజాయిషీ ఇచ్చుకోవలసింది ఆమే. అందుకని కమిటీ తీర్మానం రాసి, ప్రతి తల్లి చేత ఒప్పుకోలు పత్రం తీసుకుని, మొదటి మెట్టుగా ఒకటి రెండు తరగతుల పిల్లలకు మాత్రమే, మధ్యాహ్నం నాలుగింటి వరకే అనుమతి అడుగుతూ కార్పొరేషనుకు అర్జీ పెట్టాం. నాలుగింటి తరవాత సంగతికి, తొడిమల పనికి వెళ్లని ముగ్గురు అమ్మలు తమ అరుగులు చూపించారు. అర్జీకి ఇంకా జవాబు రావలసి ఉంది.