చూద్దాం అన్న మాట వెనుక

దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి తిరుపతిలో మా అమ్మ ఇంటికి సెలవులకు వచ్చిన మూడో రోజున, నా 12 ఏళ్ళ కూతురు నన్ను నిలదీసింది. "ఇక్కడ ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఇళ్ళకు కూడా పంపిస్తావు. డర్బన్‌లో నా స్నేహితురాలి ఇంటికి ఒక్కసారీ పంపలేదు. వాళ్ళు జూలూలనేనా అమ్మా?"

జూలూలంటే అక్కడి ఆఫ్రికన్లలో ఒక జాతి. కాదు, ఆ స్నేహితురాలు ఉండే ఇనాండా వైపు రాత్రిళ్ళు భయమని చెప్పాను. అది పూర్తిగా అబద్ధం కాదు. కానీ ఇనాండాను ఆనుకునే ఉన్న ఫీనిక్స్‌లో, ఒక తెలుగు కుటుంబం ఇంట్లో, ఇదే పిల్లను రాత్రంతా ఉండనిచ్చిన తల్లినీ నేనే.

ఆ రెండు ఊళ్ళ మధ్య గీత ఎవరు గీశారో ఆమెకు చెప్పాను. 1950లో దక్షిణాఫ్రికాలో వచ్చిన రెండు చట్టాలలో ఒకటి ప్రతి మనిషినీ ఒక జాతి కింద నమోదు చేస్తే, రెండవది ఏ జాతివారు ఎక్కడ బతకాలో నిర్ణయించింది. ఫీనిక్స్‌ను 1970లలో భారతీయుల కోసమే కట్టారు. అయితే ఆ పునాది అంతకు చాలా ముందే, డర్బన్ ఉన్న నటాల్ ప్రాంతంలో ఆంగ్లేయులు వేసినది. జూలూలను వేరే రిజర్వులకు పరిమితం చేసి, చెరకు తోటలకు 1860 నుంచి 1911 వరకు 1,52,184 మంది మనవాళ్ళను ఓడలలో తెచ్చారు. వారిలో అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉన్న మా చిత్తూరు వైపు వారూ ఉన్నారు. ఓడ పట్టీలో వారి పేరు పక్కన కులం కూడా రాసుకున్నారు. భూమి, ఓటు లేని ఆఫ్రికన్‌కు రోజూ ఎదురుపడేది గవర్నరు కాదు, భారతీయ దుకాణదారు. 1949 జనవరిలో ఒక ఆఫ్రికన్ బాలుడిపై మనవాడు చేయి చేసుకోవడంతో రాజుకున్న అల్లర్లలో 142 మంది చనిపోయారు. 2021 జూలై అల్లర్లలో ఫీనిక్స్‌లోనే 30 మందికి పైగా చనిపోయారు, వారిలో అత్యధికులు ఆఫ్రికన్లు.

పిల్లలకు ఇలా చరిత్ర చెబితే చాలని తోటి తల్లులకు నేను చెబుతుంటాను. కానీ ఇంత తెలిసిన నేను ఎందుకు మారలేదు? నమోదు చట్టం 1991లోనే రద్దయింది. నన్ను ఏ చట్టమూ ఆపడం లేదు.

పక్కనే పూలు కడుతున్న మా అమ్మ అంతా విని, "పంపించరాదా?" అంది. చిన్నప్పుడు పల్లెలో ఊరవతలి వాడ వైపు నన్ను అడుగు వేయనివ్వని అమ్మ ఈమే. ఆ గీత ఆంగ్లేయులు గీసినది కాదు. వారు దానిని లెక్కల్లోకి ఎక్కించి మరింత గట్టిపరిచారు, అంతే. అలాంటి గీతకు అలవాటుపడిన కాళ్ళతోనే నేను డర్బన్‌లో దిగాను కనుక, అక్కడి గీత నాకు కొత్తగా అనిపించలేదేమో.

వచ్చే నెల ఆ స్నేహితురాలి పుట్టినరోజు. చూద్దాం అన్నాను. "చూద్దాం అంటే వద్దనే కదా" అంది నా కూతురు. మూడేళ్ళుగా మా ఇంటికి వచ్చిపోయే ఆ పిల్ల తల్లి ఫోన్ నంబరు నా దగ్గర లేదని అప్పుడే గమనించాను. ఇమ్మని అడిగితే, నా కూతురు వెంటనే ఇవ్వలేదు.