మామ్మ పసుపు రాసిన గడప

అమలాపురం దగ్గర మా తాతగారి పెంకుటిల్లు పోయినేడాది విప్పించాం. కూల్చలేదు, విప్పించాం. జేసీబీ పెడితే ఒక్క రోజులో అయిపోతుందని మేస్త్రీ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. 18 రోజులు పట్టింది, కూలి ఖర్చు పెరిగింది, నాన్నకి టెన్షన్ కూడా పెరిగింది.

కానీ ఆ గోడలు గానుగ సున్నంతో, అంటే ఇసుక కలిపి గానుగలో నూరిన సున్నంతో కట్టినవి. సిమెంటు గోడలో ఇటుకను విడదీయబోతే ఇటుకే విరుగుతుంది. సున్నం మెత్తన, సుత్తితో రెండు దెబ్బలు వేస్తే ఇటుక విరగకుండా ఊడొస్తుంది. అలా 4,000 పైనే దక్కాయి. కొత్త ఇటుక అంటే బట్టీలో మళ్లీ బొగ్గో ఊకో కాల్చాలి కదా, అందుకే ఒక్కొక్కటీ గీకి పేర్చాం. వంటగది, ప్రహరీ వాటితోనే లేచాయి.

టేకు దూలాలకు చెద పట్టలేదు, చివర్లు మాత్రం వాననీటికి పుచ్చాయి. అడుగు మేర కోయించి, మిగిలినదాంతో కిటికీ చట్రాలు చేయించాను. మేకులన్నీ ముందే పీకించాలి, లేదంటే రంపం పళ్లు పోతాయి. వీధి గుమ్మాన్ని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మామ్మ పసుపు రాసి రాసి గడపకు వచ్చిన నునుపు అలాగే ఉంది. తలుపులకు వార్నిష్ బదులు అవిసె గింజల నూనె పట్టించాం.

పగిలిన పెంకులు నలగ్గొట్టి పెరట్లో దారికి పరిచాం. ఇప్పుడు వాననీళ్లు అక్కడ నిలవకుండా ఇంకిపోతున్నాయి.